మూత తియ్యొద్దు

తొమ్మిదో వ్యాను బానెట్ ఎత్తేసరికి తెల్లారింది.

నీళ్ళాయన ఎడమ అరచెయ్యి రేడియేటర్ మీద ఆనించి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు. చల్లగానే ఉంది. అప్పుడుగాని మూత జోలికి పోలేదు. రాత్రంతా కదలకుండా నిలబడిన బండి చల్లగా కాక ఎలా ఉంటుందని షెడ్డులో వాళ్ళు నవ్వుతుంటారు. నవ్వనీ. పదిహేడేళ్ళ కిందట ఒక ఫిట్టరు వేడి బండి మూత తిప్పడం, లోపలి ఆవిరి అతని మొహం మీదికి ఎగదన్నడం, ఆ అరుపు, ఇవన్నీ చూసినవాళ్ళలో ఇప్పుడు ఉద్యోగంలో మిగిలింది తనొక్కడే. అప్పటినుంచి చెయ్యి పెట్టి చూడందే మూత తియ్యడు.

పొట్టి మనిషి. ఎప్పుడూ ఏదో బానెట్ కిందే ఉన్నట్టు నడుం ముందుకి వంచి నడుస్తాడు. వేళ్ళ చివర్లు ఏళ్ళతరబడి తడిలో నాని ముడతలు పడ్డాయి. యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఒక్కేళ్ళ కిందట చేరినప్పుడు బండ్లకి పోసేది ఉత్త నీళ్ళే. బకెట్టు పట్టుకుని తిరిగేవాడు కనక నీళ్ళాయన అన్నారు. తర్వాత నీళ్ళు పోయి కూలెంట్ వచ్చింది. నీళ్ళలాగా తొందరగా మరగదు, ఇంజనుకి తుప్పు పట్టనివ్వదు. పని మారినా పేరు మాత్రం అతన్ని పట్టుకునే ఉంది.

కూలెంటంటే ఒకటే రకం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అందులో జాతులున్నాయి. ఒకదాని పొడ ఒకదానికి గిట్టదు. పాత వ్యాన్లకి పచ్చది పోస్తారు, కొత్త వ్యాన్లకీ బస్సులకీ ఎర్రది, అంబులెన్సులకి నీలంది. కొత్త వ్యానులో పచ్చది కలిపారంటే లోపల రెండూ కొట్టుకుని, చివరికి జిగురులా గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. అలా చచ్చిన ఒక ఇంజన్ని మేస్త్రీ కోసి చూపించడం నీళ్ళాయన చూశాడు. రేడియేటర్ సన్నగొట్టాల నిండా బంక. దాని వాసన ఇప్పటికీ గుర్తే.

తొమ్మిదోది అయింది. పదోది, పధ్నాలుగో నంబరు. కొత్త వ్యాను. నాలుగు రోజులుగా ఎక్కడో కారుతోంది. ఇవాళ ట్యాంకులో మట్టం కింది గీతకి కూడా దిగజారిపోయింది. లీటరైనా పడుతుంది. ఎర్రది తెద్దామని అలమర వైపు నడిచాడు. అలమర దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి.

నిన్నటిదాకా అక్కడ మూడు డబ్బాలుండేవి. మూడింటిమీదా చిన్న అక్షరాల్లో పేరూ, రకం నంబరూ ఉండేవి. ఇప్పుడు లోపలిది కనబడే మూడు తెల్ల జగ్గులు వరసగా నిలబడి ఉన్నాయి. కొత్తవి. ఒక్కదానిమీదా అక్షరం ముక్క లేదు.

"బాగున్నాయా పెద్దాయనా?" వెనకనుంచి స్టోరు మేడం గొంతు. నెల కిందట ఆఫీసునుంచి బదిలీ మీద వచ్చింది. దుమ్ము కనబడితే ఆవిడకి నిద్రపట్టదు. "ఆ జిడ్డు డబ్బాలు చూస్తే నాకే కడుపులో తిప్పింది. రేపు తనిఖీ కదా, అన్నీ కడిగి ఇందులోకి పోయించాను."

"పేర్లు రాయలేదేం మేడం?"

"పేర్లెందుకూ? బయటికే కనబడుతున్నాయిగా రంగులు. పచ్చ, ఎరుపు, నీలం. గుడ్డివాడు కూడా చెప్తాడు!" నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

నీళ్ళాయన జగ్గుల ముందు నిలబడ్డాడు. నీలం అతనికి నీలంగానే కనబడుతుంది. మిగతా రెండూ ఒకే రంగు. ఎండిన ఆకు రంగో, మురిగిన నీళ్ళ రంగో. పుట్టినప్పటినుంచీ అంతే. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒకే ఒకరు. ఇంట్లో అతని చొక్కాలు తీసిపెట్టే భార్య.

ఉద్యోగంలో చేరేటప్పుడు చుక్కల పుస్తకం పెట్టి పరీక్ష చేశారు. రంగురంగుల చుక్కల్లో అంకె కనుక్కోవాలి. అతనికి చుక్కలే తప్ప అంకెలు కనబడలేదు. అయితే గది బయట వరసలో నిలబడి, తనకి ముందు లోపలికి వెళ్ళిన నలుగురూ పైకి చదివిన అంకెలు విన్నాడు. పన్నెండు. ఎనిమిది. ఇరవై తొమ్మిది. ఐదు. మూడు. పదిహేను. డెబ్బై నాలుగు. తన వంతు వచ్చినప్పుడు అదే వరసలో గడగడా అప్పజెప్పాడు. పరీక్ష చేసినాయన భేష్ అన్నాడు. ఇవాళ్టికీ గుండె దడ పుడితే ఆ అంకెలే నాలుక మీదికొస్తాయి.

ఇప్పుడూ వచ్చాయి.

మేడాన్ని పిలిచి అడగొచ్చు. ఏది ఏదమ్మా అని. నోట్లో మాట, చిన్న మాట. కాని గుడ్డివాడు కూడా చెప్తాడన్న మనిషిని ఏమని అడుగుతాడు? నిన్నటి డబ్బాల వరస గుర్తుచేసుకున్నాడు. ఎడమ పచ్చ, మధ్య ఎరుపు, కుడి నీలం. నీలం కుడివైపే ఉంది కనక మిగతావీ చోటు మారి ఉండవు. మధ్య జగ్గు తీసుకున్నాడు. వాసన చూశాడు. రెండింటికీ అదే తియ్యటి వాసన. పధ్నాలుగో నంబరు ట్యాంకులో లీటరు పోశాడు.

"ఏం మామయ్యా, దానికి పాలు పట్టడం అయిందా?"

కోడలు. పెద్దకొడుకు భార్య. ఆరునెలలుగా పధ్నాలుగో నంబరు ఆవిడదే. వారానికి మూడుసార్లు నలుగురు కిడ్నీ రోగుల్ని ఇళ్ళదగ్గర ఎక్కించుకుని కొండ అవతలి ఆస్పత్రికి తీసుకెళ్ళి, రక్తం శుద్ధి చేయించి తీసుకురావాలి. ఆ ఉద్యోగం అతనే చెప్పి వేయించాడు. అందుకే ఆ వ్యాన్ని రోజూ రెండుసార్లు చూస్తాడు.

"అయింది. దారిలో ఇంజను వేడి చూపించే ముల్లు చూసుకుంటూ ఉండు."

"మీ అబ్బాయిక్కూడా చెప్పండి. నేను ముల్లు చూసినంతసేపు ఆయన మొహం చూడనని గోల." నవ్వి, స్టీరింగ్ ముందు కూచుంది. ఆరున్నరకి పధ్నాలుగో నంబరు గేటు దాటింది.

ఏడుంబావుకి మేస్త్రీ వచ్చాడు. షెడ్డు మొత్తానికీ పెద్ద. గొంతు కూడా అంత పెద్దదే. పాత వ్యాన్ల వరసలో ఒక బండి కింద దూరి, చెయ్యి మాత్రం బయటికి చాపాడు.

"ఏవయ్యా నీళ్ళాయనా, ఆ పచ్చది ఇలా అందుకో."

నీళ్ళాయన ఎడమ జగ్గు తెచ్చి ఇచ్చాడు. బండి కిందనుంచి మేస్త్రీ బుర్ర బయటికొచ్చింది.

"పచ్చదన్నాను. ఎర్రది తెచ్చావేంటి? ఇంకా నిద్ర తీరలేదా, లేక నామీద ఏమన్నా కోపమా?"

ఇనప స్టూలు మీద కూచుని లెక్క రాసుకుంటున్న స్టోరు మేడం తలెత్తి, "అవునవును, పచ్చది మధ్యకి మార్చాను. ఎక్కువ వాడేది చేతికి అందేలా ఉండాలని," అంది.

నీళ్ళాయన ఆ జగ్గుని అలమరలో పెట్టాడు. మధ్యది తెచ్చి ఇచ్చాడు. వెనక్కి నడిచి, టైర్ల గుట్ట చాటుకి పోయి, గోడకి చేరగిలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పధ్నాలుగో నంబరులో పచ్చది పడింది. ఒక గ్లాసో అరగ్లాసో కాదు, లీటరు. కొండదారి నలభై నిమిషాలు ఎక్కుడు. కోసిన ఆ ఇంజను బంక కళ్ళముందు కదిలింది. ఎక్కుడులో ఇంజను పట్టేస్తే బండి ఆగుతుంది. ఆగితే ఫరవాలేదు. మలుపులో ఆగితే? వెనక లారీ వస్తుంటే? లోపలున్న నలుగురిలో ఒకావిడ రెండడుగులు నడవలేదు. ఒకపూట శుద్ధి తప్పితే ఊపిరాడనివాళ్ళు.

మేస్త్రీకి చెప్పాలి. చెప్తే మొదటి ప్రశ్న ఒకటే. ఎలా పొరబడ్డావు? దానికి జవాబు చెప్పకుండా ముప్పై ఒక్కేళ్ళు దాటాడు. రిటైరయ్యేదాకా ఇంకో పధ్నాలుగు నెలలు దాటితే చాలు. ఒకవేళ ఏమీ కాకపోతే? సాయంత్రం వ్యాను వచ్చాక ఎవరికీ తెలీకుండా అంతా దింపి, కడిగి, ఎర్రది పోసెయ్యొచ్చు. గడియారం చూశాడు. ఏడూ ఇరవై ఐదు. ఏడూముప్పావుకి వ్యాను కొండ మొదట్లో ఉంటుంది. అక్కడినుంచి ఫోను అందదు.

అలా నిలబడే ఉన్నాడు. పన్నెండు, ఎనిమిది, ఇరవై తొమ్మిది. ఏడున్నర. ఒకసారి ఫోను తీసి మళ్ళీ జేబులో పెట్టాడు. ఏడూ ముప్పై ఎనిమిది. మేస్త్రీ ఎవరిమీదో జోకేసి తనే నవ్వుతున్నాడు. ఏడూ నలభై ఒకటికి నీళ్ళాయన చేతులు అతన్ని అడక్కుండానే నంబరు నొక్కాయి.

"మామయ్యా, స్పీకర్లో ఉన్నారు, చెప్పండి."

వెనకనుంచి ఒక ముసలిగొంతు: "ఎవరూ, మామగారా? కొండెక్కేటప్పుడు ఫోనేంటమ్మా, ఆయనకి పనీపాటా లేదా?" అది లారీ తాత. నలభై ఏళ్ళు లారీ తోలి, ఇప్పుడు వ్యాను వెనకసీట్లో కూచుని డ్రైవరుకి తప్పులు పట్టే రోగి.

"బండి ఆపమ్మా. పక్కకి తీసి ఆపు."

"ఆపాను. ఏంటి మామయ్యా, గొంతలా ఉందేం? ఇంట్లో అందరూ—"

"ఇంట్లో అంతా బాగానే ఉన్నారు. ముల్లు ఎక్కడుంది?"

"మధ్యకి కొంచెం పైన. ఎందుకు?"

"పొద్దున నేను తప్పుది పోశాను. పచ్చది పోశాను. అది లోపల గడ్డ కడుతుంది. ఇంజను పట్టేస్తుంది. నువ్వు కొండెక్కొద్దు."

"అయ్యయ్యో. ఎంత పోశారు? ఉండండి, నేనే చూస్తా." తలుపు తీసిన చప్పుడు. కంకర మీద చెప్పులు. బానెట్ కొక్కెం టక్కుమంది. "మూత తీసి చూస్తే తెలుస్తుందిగా, గడ్డ కట్టిందీ లేనిదీ—"

మూత. పరుగెత్తి వచ్చిన బండి. వేడి బండి.

"మూత—" అన్నాడు నీళ్ళాయన. "మూత తియ్—"

ఫోనులో ఠప్పుమని ఒక చప్పుడు. ఆడగొంతు అరుపు. ఆ తర్వాత ఏమీ లేదు.

మళ్ళీ చేశాడు. అందుబాటులో లేరంది. మళ్ళీ చేశాడు. అదే మాట. ఆమె చేరిన మొదటి వారం పదిసార్లు చెప్పాడు, వేడి బండి మూత ముట్టుకోవద్దని. పదిసార్లూ బుద్ధిగా తలూపింది. కాని ఇవాళ భయం తెచ్చి ఆమె చెవిలో పోసింది తను. భయపడ్డ మనిషికి నేర్చుకున్నదేదీ గుర్తుండదు.

టైర్ల చాటునుంచి బయటికొచ్చి నేరుగా మేస్త్రీ దగ్గరికి నడిచాడు.

"పధ్నాలుగులో పచ్చది పోశాను. మా కోడలు కొండ మొదట్లో మూత తీసింది. ఫోను ఆగిపోయింది. జీపు తియ్యండి."

మేస్త్రీ మొహంలో నవ్వు పోయింది. "పచ్చదెలా పోశావయ్యా? ముప్పై ఏళ్ళ చెయ్యి నీది!"

"నాకు ఆ రెండూ ఒకటే మేస్త్రీ. పచ్చా ఎరుపూ నాకు తేడా తెలీదు. ఎప్పుడూ తెలీదు."

షెడ్డులో ఎక్కడో స్పానరు కింద పడింది. మేస్త్రీ ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసి, ఇంకేం అడక్కుండా జీపు తాళం అందుకున్నాడు.

దారి పొడుగునా నీళ్ళాయన ముందుసీటు అంచు పట్టుకుని కూచున్నాడు. ఆ ఫిట్టరు ఆస్పత్రి మంచం మీద కట్లతో పడుకున్నప్పుడు, కళ్ళకి వదిలిన సందులోంచి తననే చూశాడు. ఇప్పుడు ఆ సందులో కోడలి కళ్ళు కనబడుతున్నాయి. కొడుక్కి ఏమని చెప్పాలి? వాక్యం కూడబలుక్కున్నాడు. సగంలో తెగింది. పదిహేను, డెబ్బై నాలుగు. ప్రతి మలుపూ తిరిగేసరికి మరో మలుపు. మేస్త్రీ ఒక్కసారి మాత్రం మాట్లాడాడు.

"ఊపిరి పీల్చుకో. నువ్వు పడిపోతే ఇద్దర్ని మొయ్యాలి నేను."

వ్యాను కనబడింది. రోడ్డు పక్కన, బానెట్ ఎత్తి ఉంది. దాని ముందు ఎవరూ లేరు. నీళ్ళాయన జీపు ఆగకముందే దూకి, తూలి, మోకాళ్ళమీద పడి లేచాడు. వ్యాను అవతలివైపు కల్వర్టు గోడమీద ఇద్దరు రోగులు కూచున్నారు, నడవలేని ఆవిడ వ్యానులోనే ఉంది. ఆ ఇద్దరి పక్కన కోడలు. కుడి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని ఉంది. మొహం...

మొహం మొహంలాగే ఉంది. దుమ్ము పట్టి, కాస్త ఏడ్చినట్టు ఉంది.

"ఆయన్నడగండి మామయ్యా," అంది ఉక్రోషంగా. "కర్రతో కొట్టాడు నన్ను! ఫోను కూడా పగిలింది."

లారీ తాత చేతికర్ర పట్టుకుని, ఎత్తిన బానెట్‌కి కాపలా కాస్తున్నట్టు బంపరు దగ్గర కూచున్నాడు. "కొడతాను. ఇంకోసారి మూతమీద చెయ్యేస్తే మళ్ళీ కొడతాను. మొహం ఉడకబెట్టుకునేది మీ కోడలు. నేను కిటికీలోంచి అరిస్తే వింటేగా! కిందికి దిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది నాకు." ఆయాసంతో ఆగాడు. "ఏవయ్యా, మామా కోడళ్ళిద్దరూ కలిసి నన్ను ఇవాళే పంపించేద్దామనుకున్నారా ఏం?"

నీళ్ళాయన రోడ్డు మీదే కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తెలీని చప్పుడొకటి గొంతులోంచి వచ్చింది. కోడలు వచ్చి పక్కన కూచుంది.

మేస్త్రీ నలుగురు రోగుల్నీ జీపులో ఎక్కించి, తాళం కోడలికిచ్చాడు. వాచిన మణికట్టు తిప్పి చూపించి, నడపగలనంది. గంట ఆలస్యంగా ఆస్పత్రి చేరతారు. ఏం కాదు. జీపు ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగింది.

"మీ కళ్ళ సంగతి మేస్త్రీగారు చెప్పారు మామయ్యా. మా పెళ్ళిరోజున నా బట్టల రంగు దివ్యంగా ఉందన్నారు మీరు."

"మీ అత్తయ్య చెప్పమంది."

"ఇంతకీ మీకు ఏ రంగు కనబడింది?"

"బురద."

ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

బండి చల్లారేదాకా ఇద్దరూ కల్వర్టు మీద కూచున్నారు. తర్వాత మేస్త్రీ గుడ్డ కప్పి, మూత పావుతిప్పు తిప్పి ఆగి, మిగిలిన గాలి పోనిచ్చి తీశాడు. ట్యాంకులో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"ఏం కాలేదు. గంటకే గడ్డ కట్టడానికి ఇదేమన్నా సిమెంటా? వారాల తరబడి తిరిగితే ముప్పు. ఇవాళ దింపి కడిగేస్తే సరి. నువ్వు ఫోను చెయ్యకపోయినా ఆస్పత్రికి వెళ్ళి వచ్చేసేది."

నీళ్ళాయన తలవంచుకున్నాడు. అంటే ఆ పొద్దున నిజమైన ప్రమాదం తన ఫోనే.

"సరేగాని, ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకొచ్చావయ్యా? ఒక్కసారి కూడా తప్పు పొయ్యలేదే!"

"చదివేవాణ్ణి. డబ్బామీద చిన్నక్షరాలు. రకం నంబరు. బండి పుస్తకంలో ఏది రాసుంటే అదే పోసేవాణ్ణి. రంగు నాకు పనికిరాదుగా."

"మిగతావాళ్ళు?"

"రంగు చూసి పోస్తారు." నీళ్ళాయన ఆగాడు. నోటిదాకా ఇంకో మాట వచ్చింది. ఆరు నెలలుగా దాన్ని మింగుతూనే ఉన్నాడు. "ఆరు నెలల కిందట కంపెనీ మారింది కదా మేస్త్రీ. కొత్త డబ్బాలమీద రకం నంబరు వేరే. అందరూ ఎరుపేగా అనుకుని పోశారు. అది మన బండ్లది కాదు. నేను నా వ్యాన్లకి పాత స్టాకే అడిగి తెచ్చి అలమరలో పెట్టుకున్నా. బస్సుల వరసకి మాత్రం కొత్తదే పోస్తున్నారు."

మేస్త్రీ చేతిలో మూతని బంపరు మీద పెట్టాడు. "తెలిసీ చెప్పలేదా?"

"చెప్తే, రంగు ఒకటేగా, నీకెందుకొచ్చింది అనుమానం అంటారని. అక్కణ్ణించి తీగ లాగుతారని."

మేస్త్రీ గొంతు పెద్దదవుతుందేమోనని ఎదురుచూశాడు. కాలేదు. అదే ఎక్కువ భయం వేసింది.

షెడ్డుకి తిరిగొచ్చాక ఎనిమిది బస్సుల మూతలూ తీయించాడు మేస్త్రీ. ఐదింట్లో ఏమీ లేదు. రెండింట్లో అడుగున మడ్డి. ఎనిమిదో బస్సు ట్యాంకులో పుల్ల పెట్టి తీస్తే, పుల్లకి పట్టుకుని జిగురు ముద్దలు ముద్దలుగా వచ్చింది. రోజూ పొద్దున నలభైమంది బడిపిల్లల్ని ఎక్కించుకుని పెద్దవంతెన దాటే బస్సది. నీళ్ళాయన ఆ పుల్లవైపు చూసి, పక్కకి వెళ్ళి, డ్రెయిన్ దగ్గర వాంతి చేసుకున్నాడు.

మేస్త్రీ నీళ్ళసీసా తెచ్చి పక్కన పెట్టాడు.

"ఇవాళ నువ్వు చెప్పబట్టి ఆగింది," అన్నాడు. కొంచెం ఆగి, "ఆరు నెలల కిందటే చెప్పుండాల్సింది," అన్నాడు. "పైవాళ్ళకి రాసి పంపక తప్పదు నాకు. రేపు కంటిపరీక్ష పెడతారు. ఆ చుక్కల పుస్తకమే."

"ఈసారి వరస మార్చి ఉంటారు," అన్నాడు నీళ్ళాయన.

మేస్త్రీ నవ్వబోయి మానేశాడు.

"అక్కర్లేదు మేస్త్రీ. పరీక్ష దాకా ఎందుకు? నేనే రాజీనామా కాయితం రాసిస్తా. ఇవాళ్టితో సరి."

మేస్త్రీ వద్దనలేదు. స్టోరు మేడం ఏదో అనాలని దగ్గరికొచ్చింది. గుడ్డివాడు కూడా అన్న మాట ఆవిడ మొహంలో ముల్లులా గుచ్చుకుని ఉంది. "పెద్దాయనా, నాకు తెలీక—"

"తెలీనివ్వలేదుగా నేను," అన్నాడు. "ఒక్క సాయం చెయ్యండి. పెద్ద కాయితం ఒకటి కావాలి. గీతలు కొట్టి ఇవ్వండి. బండ్లు నాకు నోటికొచ్చు గాని, రేపొచ్చేవాడికి రావుగా."

ఆవిడ చార్టు కాయితం తీసి స్కేలుతో నిలువుగీతలు గీసింది. పైన తన అందమైన అక్షరాలతో ఒక్కో గడికీ పేరు రాసింది. నీళ్ళాయన ఇనప స్టూలు మీద కూచుని, కాయితం టైరుమీద పరిచి, మధ్యాహ్నమంతా రాశాడు. మధ్యమధ్య లేచి వెళ్ళి, ఒక్కో బండిమీదా చెయ్యి వేసి చూసొచ్చి మళ్ళీ కూచున్నాడు. భోజనం సంగతి ఎవరూ గుర్తుచెయ్యలేదు, అతనికీ గుర్తు రాలేదు.

నాలుగింటికి జీపు తిరిగొచ్చింది. కోడలు దిగి షెడ్డంతా వెతికింది. మామయ్య లేడు. ఏ గేటుగుండా వెళ్ళాడో కాపలావాడు కూడా చూడలేదు. పొట్టి మనిషి, వంగి నడిచే మనిషి, బండ్ల మధ్యనుంచి వెళ్తే ఎవరికి కనబడతాడు?

మేస్త్రీ ఆ కాయితాన్ని అలమర పక్క గోడకి నాలుగువైపులా టేపు వేసి అంటించాడు. రెండో నంబరు, ఎండాకాలం రోజుకి గ్లాసు, వానల్లో ఏమీ అడగదు. ఆరు, మూత మర అరిగింది, బలంగా తిప్పొద్దు. పధ్నాలుగు, ఎడమ గొట్టం మెడ దగ్గర కారుతోంది, బిగిస్తే వారం ఆగుతుంది. బండి నంబరు, కూలెంట్ పేరు, రకం, ఎంత తాగుతుంది, అన్ని గడులూ చిన్న అక్షరాలతో కిక్కిరిసిపోయి ఉన్నాయి. ఆఖరి గడికి స్టోరు మేడం 'రంగు' అని పేరు పెట్టింది. అది పైనుంచి కిందిదాకా తెల్లగా ఉంది.